మిలిటరీ లారీ ఇంజను ఇంటి పెరట్లో విప్పిన రోజులు

విశాఖలో పెరిగినవాళ్ల చెవుల్లో మిలిటరీ లారీల చప్పుడు ఉండిపోతుంది. సింధియా, మల్కాపురం రోడ్ల మీద తెల్లారకముందే అవి వరసగా వెళ్లేవి. శక్తిమాన్ మోత వేరు, టాటా మోత వేరు. శక్తిమాన్‌ది జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో మొదలైన బండి. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే దాని పిస్టను నెత్తిమీద బంతిలాంటి గుంట ఉంటుంది. డీజిల్‌ను ఆ గుంట గోడకు పూసినట్టు కొడుతుంది నాజిల్. గోడ వేడికి ఆవిరవుతూ మండుతుంది కాబట్టి టకటకలు తక్కువ, ఒక రకమైన ఈల ఎక్కువ. టాటా అలా కాదు. 1954లో డైమ్లర్-బెంజ్‌తో కుదిరిన ఒప్పందంతో వచ్చిన వంశం అది. చలిలో స్టార్ట్ చేస్తే ఇనప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. ఆ చప్పుడంటే ఇష్టపడే మనుషులు ఈ ఊళ్లో చాలామంది ఉండేవారు.

అలాంటివాళ్లే వేలంలో పాత మిలిటరీ టాటా కొని, ఇంటి వెనక పెరట్లో ఇంజను విప్పేవారు. గోపాలపట్నం, పెందుర్తి వైపు జాగాలు విశాలంగా ఉండేవి. గాజువాక ఆటోనగర్‌కి పంపితే పది రోజుల్లో పనైపోతుంది. ఇంట్లో అయితే మూడు నెలలు. అయినా ఇంట్లోనే చేసేవారు, ఎందుకంటే ఏ భాగం ఎక్కడిదో, దేనికి జతో తెలిసేది అలా విప్పినప్పుడే. ఈ పనిలో ‘జత’ అన్న మాట కంటే పెద్దది లేదు. ఒకదానితో ఒకటి అరిగిన భాగాలు మళ్లీ ఒకదానితో ఒకటే ఉండాలి. చేరాల్సిన చోటే చేరాలి, తిరిగిన దిక్కుకే తిరగాలి.

వేలం బండి మీటరు చూసి మురిసిపోవడం అప్పట్లో మామూలు. నలభై వేల కిలోమీటర్లే తిరిగిందంటే కొత్తదే కదా అనుకునేవారు. కానీ మిలిటరీ బండి తిరిగి పాడవదు, నిలబడి పాడవుతుంది. ఏళ్లపాటు షెడ్డులో నిలబడితే తెరుచుకుని ఉన్న వాల్వుల గుండా తేమ లోపలికి దిగుతుంది, పిస్టను చుట్టూ ఉండే రింగు ఆగినచోట బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, తుప్పు గీత పడుతుంది. పంపులో డీజిల్ జిగురవుతుంది. రబ్బరు సీళ్లు ఎండి గాజు ముక్కల్లా విరుగుతాయి. అందులోనూ విశాఖ ఉప్పుగాలి. నర్సీపట్నంలో పదేళ్లు నిలబడిన ఇంజను కంటే బీచ్ దగ్గర మూడేళ్లు నిలబడినదాని బోరు అధ్వాన్నంగా ఉంటుంది.

అందుకే నిలబడిపోయిన ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ఇరుక్కున్న రింగు అక్కడే విరుగుతుంది, ఆ ముక్క సిలిండర్ లోపలి గొట్టాన్ని, అంటే లైనరును, నిలువునా చీరుతుంది. ముందు ఆరు నాజిళ్లూ తీసేయాలి. డీజిల్, ఇంజను ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో 50 మి.లీ. దాకా పోసి నాలుగు రోజులు వదిలేయాలి. తర్వాత ఇంజను వెనక ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్ పళ్లకు గడ్డపార ఆనించి కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కు. ఒకే దిక్కుకు బలం పెట్టకూడదు. కదిలిందంటే సగం బెంగ తీరినట్టే. కదలకపోతే మరో నాలుగు రోజులు నానాలి.

ఈ బండ్ల టాటా 697 ఇంజను పేరులోనే లెక్క ఉంది. ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు. పిస్టను ప్రయాణించే దూరం, అంటే స్ట్రోకు, 128 మి.మీ., మొత్తం 5,675 సీసీ. దాని అన్న 692కి బోరు 92. ఇంజను బరువు నాలుగు క్వింటాళ్లకు తక్కువుండదు, కాబట్టి మామిడి కొమ్మకు చైన్ బ్లాకు కట్టే పని మానుకోవాలి. కొమ్మ విరగకపోయినా వంగుతుంది, వంగితే ఇంజను ఊగుతుంది, ఊగిన ఇంజను మనిషిని గోడకు నొక్కేస్తుంది. మూడు ఇనప పైపుల ముక్కాలి, టన్ను చైన్ బ్లాకు, కింద మట్టినేల అయితే పైపుల కాళ్ల కింద పలకలు. అంత ఏర్పాటు ఉంటేనే ఎత్తాలి.

విప్పే ముందు కడగాలి. కిరసనాయిలు, బ్రష్షు, ఆ తర్వాత సబ్బునీళ్లు. మట్టి మీద పానా పెడితే నట్టుతోపాటు ఇసుక కూడా లోపలికి వెళుతుంది. అప్పట్లో ఫోన్లో ఫొటోలు లేవు. సిగరెట్ అట్టపెట్టెల మీద, సిలిండర్లకు మూతలా కూర్చునే హెడ్డు ఆకారం గీసి, పన్నెండు చిల్లులు పొడిచి, వాల్వులను కదిపే కడ్డీలను, అంటే పుష్‌రాడ్లను, ఏ చోటివి ఆ చోటే గుచ్చేవారు. బోల్టులు పాల పౌడరు డబ్బాల్లో. పిస్టన్ల కింద ఉండే కనెక్టింగ్ రాడ్లకూ మూతలకూ ఒకే పక్కన సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టేవారు. ఒకటో సిలిండర్‌కు ఒక చుక్క, ఆరో దానికి ఆరు. క్రాంకు అనే ఇరుసును పట్టుకునే మెయిన్ బేరింగు మూతలు ఏడింటికీ అంతే. ఒక రాడ్డు మూతను ఇంకో రాడ్డుకు వేస్తే బోల్టు బిగుస్తుంది, కంటికి తేడా కూడా తెలియదు. కానీ రెంటినీ కలిపి బిగించే బోర్ చేశారు కాబట్టి జత మారితే ఆ రంధ్రం గుండ్రంగా ఉండదు. లోపలి పలచని అరచుట్టు రేకు, బేరింగు షెల్లు, ఒక అంచున నలిగి, కొద్ది గంటల్లోనే రాగి రంగు బయటపడుతుంది.

హెడ్డు బోల్టులు చివర్ల నుంచి మధ్యకు, రెండు మూడు విడతలుగా వదులు చేయాలి. అది కూడా ఇంజను పూర్తిగా చల్లారాకే. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకటే పొడవాటి హెడ్డు కాబట్టి వంకర తిరగడానికి చాలా అవకాశం. తీశాక పిస్టన్లను పైకి తోసేయాలని చేతులు దురద పెడతాయి. ఆగాలి. బోరు పైఅంచున, రింగులు చేరని చోట గోరుకు తగిలే మెట్టు ఉంటుంది. దాన్ని గీకి చదును చేయకుండా పిస్టను తోస్తే రింగుల మధ్య గోడలు విరుగుతాయి. పాత పిస్టన్లు మళ్లీ వాడే ఉద్దేశం ఉంటే అక్కడితో పోయినట్టే.

ఇక కొలతలు. ఇంటి పనికీ అంచనా పనికీ తేడా ఇక్కడే వస్తుంది. బోరు గేజు, మైక్రోమీటరు కొనలేనివాళ్లు లేత్ షాపు నుంచి ఒక పూటకు అరువు తెచ్చేవారు. ఒక్కో బోరును మూడు ఎత్తుల్లో, ప్రతి ఎత్తులోనూ రెండు దిక్కుల్లో కొలవాలి. ఒకటి క్రాంకు పొడవునా, ఇంకొకటి దానికి అడ్డంగా. పై రింగు తిరిగే చోట, అడ్డదిక్కులో అరుగుదల ఎక్కువ ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా తోసేది అటేకదా. ఆరు బోర్లకు ముప్పయ్యారు అంకెలు. అవన్నీ కాగితం మీద రాస్తే ఇంజను బతుకంతా కనిపిస్తుంది. ఆరో సిలిండర్ ఒక్కటే ఎక్కువ అరిగిందంటే వెనకవైపు నీళ్లు సరిగ్గా తిరగలేదన్నమాట. అన్నీ సమానంగా అరిగితే ఎయిర్ ఫిల్టరు దుమ్ము వదిలింది. అరుగుదల 0.15 మి.మీ. దాటితే కొత్త రింగులు వేసి సరిపెట్టుకోవడం దండగ. లైనర్లు మార్చాల్సిందే.

క్రాంకు కూడా అంతే. రాడ్డు పట్టుకునే పిన్ను గుండ్రం 0.05 మి.మీ. తప్పితే గ్రైండింగుకు ఇవ్వాలి. షెల్లులు 0.25 మి.మీ. చొప్పున సైజులుగా దొరుకుతాయి. గ్రైండింగు షాపుకు ఇచ్చేటప్పుడు రెండు సంగతులు నోరు తెరిచి చెప్పాలి. మొదటిది, పిన్ను అంచున ఉండే వంపు. అక్కడ మూల పదునుగా తేలితే ఏదో ఒక ఘాటీలో క్రాంకు సరిగ్గా ఆ గీత దగ్గరే విరుగుతుంది. రెండోది, ఆయిల్ రంధ్రాల నోటి అంచులు మొద్దు చేయడం. పదునుగా వదిలేస్తే కొత్త షెల్లును రంపంలా కోస్తాయి. మూడోది మాత్రం షాపువాళ్లకు వదలకుండా ఇంట్లోనే చేసుకోవాలి. క్రాంకు లోపలి ఆయిల్ దారులు. గ్రైండింగు పొడి ఆ దారుల్లో దాక్కుంటుంది. సన్నటి సీసా బ్రష్షు, కిరసనాయిలు, పిచికారీ. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి వచ్చే కిరసనాయిలు తెల్లగుడ్డ మీద మరక పెట్టడం మానేదాకా. కొత్త బేరింగులు మొదటి గంటలోనే పోయిన ఇంజన్లలో ఎక్కువ వాటికి కారణం ఈ పొడే.

బ్లాకు పక్కన గిన్నెల్లాంటి రేకు మూతలు ఉంటాయి. వాటిని పొడిచి తీస్తే నీటి గది కనిపిస్తుంది. ఆరో సిలిండర్ వెనక గుప్పెడు ఎర్రటి బురద దొరుకుతుంది, ఎప్పుడూ. తీరం దగ్గర బావుల్లో ఉప్పునీళ్లు, వాటిని రేడియేటర్లో పోసిన ఫలితం అది. తీగతో గీకి, గొట్టం పెట్టి ఒత్తిడితో కడిగితే తప్ప పోదు. ఈ పని బద్ధకించి ఎంత మంచి లైనర్లు వేసినా, మళ్లీ వేడెక్కి హెడ్డు గ్యాస్కెట్ ఊదేస్తుంది.

హోనింగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. లైనరు లోపల రాయి తిప్పినప్పుడు గీతలు ఒకదాన్నొకటి 60 డిగ్రీల దగ్గర కోసుకోవాలి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది, వాటి మీదే రింగు కూర్చుంటుంది. అది అయ్యాక చాలామంది కిరసనాయిలు గుడ్డతో తుడిచి వదిలేస్తారు. తప్పు. కిరసనాయిలు ఆ రాతిపొడిని గీతల్లోకి ఇంకా దింపుతుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు, అంట్లు తోమినట్టు తోమాలి. తర్వాత తెల్ల బనీను గుడ్డకు ఇంజను ఆయిల్ రాసి తుడవాలి. బూడిదరంగు వస్తే మళ్లీ సబ్బు. మూడు నాలుగు సార్లకు గుడ్డ తెల్లగానే వస్తుంది. ఆ క్షణం ఆలస్యం చేయకూడదు. విశాఖ గాలిలో తడి ఆరిన బోరుకు పది నిమిషాల్లో నారింజరంగు పొర కమ్మడం కళ్లెదుటే కనిపిస్తుంది. మేలో అయినా, నవంబరులో అయినా అంతే. ఒక చేత్తో ఆరబెడుతూ ఇంకో చేత్తో ఆయిల్ రాసేవారు. అందుకే ఈ పనికి ఇద్దరు కావాలి.

“ఒరే అబ్బీ, మాటలు తర్వాత, ముందు నూని రాయి!” అనే మేస్త్రీ కేక అలాంటి పెరళ్లలో ఎప్పుడూ వినిపించేది. “రాసేశాను మేస్త్రీ గారూ” అన్నా ఆయన వేలు పెట్టి చూడందే నమ్మేవాడు కాదు.

కొత్త రింగును బోరులో పెట్టి, తలకిందులైన పిస్టనుతో నెట్టి తిన్నగా నిలబెట్టి, కొసల సందు ఫీలర్ గేజుతో చూడాలి. ఈ సైజు బోరుకు 0.30 నుంచి 0.50 మి.మీ. మధ్య ఉంటే బాగున్నట్టు. తక్కువైతే వేడికి కొసలు కలిసి రింగు విరుగుతుంది, కాబట్టి సన్న ఆకురాయితో ఒక కొసను నిటారుగా అరగదీయాలి. గుర్తున్న ముఖం పైకి. పిస్టను మీద రింగుల నోళ్లు ఒకే వరసలో ఉండకూడదు. ఒకదానికొకటి మూడో వంతు చుట్టు దూరంగా పెట్టాలి.

పిస్టనును రాడ్డుకు కలిపే పిన్ను ఎక్కించే రోజు ఇంట్లో అందరూ చూడ్డానికి వచ్చేవారు. పెళ్లిళ్లకు వాడే పెద్ద డేగిశాలో నీళ్లు మరిగించి, పిస్టను అందులో వేసి పది నిమిషాలు ఉంచేవారు. పట్టకారుతో తీసి, గుడ్డలో పట్టుకుని, రాడ్డు చిన్న కన్ను లోపల నిలబెట్టి పిన్ను పెడితే బొటనవేలితో నెడితే చాలు, సర్రున దూరిపోయేది. చల్లారాక సుత్తితో కొట్టినా కదలదు. సుత్తితో కొట్టి ఎక్కించినవాళ్ల పిస్టన్లు గుండ్రం పోయి, బోరులో ఒకే పక్క గీతలు పడేవి. పిస్టను నెత్తిన బాణం గుర్తు ఎటు చూడాలో, రాడ్డు అంకె ఎటు చూడాలో కాగితం మీద రాసుకుని ఎక్కించాలి. వేడి మీద తొందరలో తిరగేస్తే మళ్లీ డేగిశా ఎక్కించాల్సిందే.

షెల్లులు పెట్టే గుంట, షెల్లు వీపు, రెండూ పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. ఆయిల్ షెల్లు పొట్టకే. షెల్లు అంచులు మూత అంచుకంటే వెంట్రుకవాసి పైకి ఉంటాయి. అది తప్పు కాదు, బిగించినప్పుడు షెల్లు గట్టిగా పట్టుకునేందుకు కావాలని వదిలింది. దాన్ని ఆకురాయితో రుద్ది చదును చేసేవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది. ఒక్కో మూత బిగింపు బలం చూపే టార్క్ రెంచితో విడతలుగా బిగించి, ప్రతిసారీ క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. నాలుగో మూతకు గట్టిపడితే తప్పు నాలుగో దాంట్లోనే ఉంది. ఏడూ బిగించాక చూస్తే ఎక్కడుందో తెలియదు.

హెడ్డు పని ఓపిక పని. వాల్వులను ముందు గరుకు పేస్టుతో, తర్వాత మెత్తటి పేస్టుతో రుద్ది, సీటు మీద బూడిదరంగు పట్టీ తెగకుండా చుట్టూ వచ్చేవరకూ ఆగాలి. తర్వాత హెడ్డు తిరగేసి, వాల్వుల మీద కిరసనాయిలు పోసి అరగంట చూడాలి. వాల్వు వెనక దారిలో, అంటే పోర్టులో, తడి కనిపిస్తే మళ్లీ రుద్దడమే. రెండు సీట్ల మధ్య సన్నటి వంతెన దగ్గర పగుళ్లు వెతకాలి. వేడెక్కిన ఇంజను హెడ్డు పగిలేది అక్కడే. నాజిల్ గుంటల్లో వేలు పెట్టి పాత రాగి వాషరు ఉందేమో చూడాలి. అది అడుగున అతుక్కుని ఉండగానే ఇంకోటి వేస్తే నాజిల్ పైకి లేచి, పిస్టను గుంటలో పడాల్సిన డీజిల్ తప్పుచోట పడుతుంది, నల్లపొగ వదలదు. కొత్త వాషరు దొరకకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవారు. ఉక్కుకు అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది.

హెడ్డో, బ్లాకో మెషీను మీద చదును చేయించి ఉంటే, పిస్టను నెత్తికీ హెడ్డుకూ మధ్య సందు తగ్గిపోయి ఉండవచ్చు. పిస్టను మీద రెండుచోట్ల మెత్తటి సీసం తీగ ముక్కలు పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ విప్పి, నలిగిన తీగను మైక్రోమీటరుతో కొలిచేవారు. మాన్యువల్‌లో ఉన్న అంకెకు తగ్గితే మందమైన గ్యాస్కెట్ వెతకాలి. ఒక పూట పని, కానీ వాల్వు పిస్టనుకు కొట్టుకుని వంగిన ఇంజను చూసినవాళ్లు ఈ పూటను ఎప్పుడూ మిగుల్చుకోలేదు.

ఫ్యూయల్ పంపు మాత్రం ఇంట్లో విప్పకూడదు. లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజరు, అది ఆడే బ్యారెల్ ఒకదానికొకటి రుద్ది చేసిన జత. మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. ఒకదాని ప్లంజరు ఇంకోదాంట్లో పెడితే ఆ రెండు సిలిండర్లూ పోయినట్టే. బెంగళూరు మైకో కంపెనీ పంపులైనా, మరేవైనా, పంపును పరీక్షించి సర్దే కాలిబ్రేషన్ బెంచి ఉన్నచోటికే పంపాలి. తిరిగి వచ్చాక టైమింగు ఇంట్లో పెట్టుకోవచ్చు. ఒకటో గొట్టం దగ్గర డెలివరీ వాల్వు, దాని స్ప్రింగు తీసి, హంసమెడలా వంచిన సన్నగొట్టం బిగించాలి. డీజిల్ మోతాదు మార్చే ర్యాకు నిండుగా తెరిచి, డీజిల్ వదిలి, ఇంజనును తిరిగే దిక్కుకు మెల్లగా తిప్పుతుంటే గొట్టంలోంచి ధారగా పడుతుంది. ధార తెగి బొట్టు బొట్టుగా మారే క్షణమే డీజిల్ కొట్టడం మొదలయ్యే చోటు. అప్పుడు పుల్లీ మీద గుర్తు ఎక్కడుందో చూసి పంపును అటో ఇటో జరపాలి. ఆ బొట్టు కోసం ఊపిరి బిగపట్టి చూడ్డంలో ఉన్న ఆనందం ఇంకే పనిలోనూ ఉండదు.

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు సర్దడంలో, మళ్లీ జతలే. సిలిండర్లు మండే ఫైరింగు వరస 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఊగుతున్నప్పుడు ఒకటోది సర్దాలి, రెండోది ఊగుతుంటే ఐదోది, నాలుగోది ఊగుతుంటే మూడోది. ఇవే తిరగేసి మిగతావి. చల్లటి ఇంజను మీద ఇన్లెట్ 0.20, ఎగ్జాస్టు 0.30 మి.మీ.

మొదటిసారి స్టార్టు చేసేముందు ఇంజను ఆపే తీగ లాగిపట్టి, ఆయిల్ గేజు ముల్లు లేచేదాకా విడతలుగా సెల్ఫ్ కొట్టాలి. తర్వాత ఫీడ్ పంపు మీది చేతిపంపు నొక్కుతూ గాలి తీయాలి. ముందు ఫిల్టరు స్క్రూ, తర్వాత పంపు స్క్రూ, చివర నాజిళ్ల దగ్గర గొట్టం నట్లు. నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చేదాకా. పక్కనే ఒక మందపాటి పలక తప్పకుండా ఉండాలి. పంపు ర్యాకు ఇరుక్కుంటే ఇంజను అదుపు తప్పి పరుగెత్తుతుంది. అప్పుడు గాలి వెళ్లే నోటికి ఆ పలక అడ్డంపెట్టి ఊపిరి ఆపాలి. చెయ్యి పెట్టకూడదు, గుడ్డ పెట్టకూడదు, లాగేసుకుంటుంది.

అంటుకున్నాక పది సెకన్లలో ఆయిల్ ప్రెషరు రాకపోతే ఆపేయాలి. వచ్చిందంటే ఐడిలింగులో వదిలి టీ తాగడానికి వెళ్లకూడదు. చాలామంది ముద్దుగా, మెల్లగా గంటలు గంటలు నడిపి చెడగొట్టారు. బరువు లేకుండా తిరిగితే రింగులు గోడకు గట్టిగా ఆనవు, హోనింగు గీతల మీద గాజుపూతలాంటి పొర పడుతుంది. ఇక ఆ ఇంజను జీవితమంతా ఆయిల్ తాగుతుంది. వేడెక్కగానే బరువు మీద పెట్టాలి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటీ ఎక్కించడం దీనికి సరైన పరీక్ష. వెనక నాలుగు టన్నుల ఇసుక, కింది గేరు, యాక్సిలరేటరు ముప్పావు, ఎక్కేటప్పుడు తోసి, దిగేటప్పుడు వదిలి. ఎక్కేటప్పుడు రింగు గోడకు నొక్కుకుంటుంది, దిగేటప్పుడు ఆయిల్ పైకి లాగి కడుగుతుంది. మొదట్లో సైలెన్సర్లోంచి వచ్చే నీలిపొగ రెండో మూడో ప్రయాణానికి కనిపించకుండా పోతుంది.

500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి. పాత ఆయిల్‌ను తెల్లటి బేసిన్‌లోకి వదిలి ఎండలో పెట్టి చూసేవారు. సన్నటి బూడిదరంగు మెరుపు ఉంటే రింగులు సర్దుకుంటున్నట్టు. రాగి రంగు మెరుపు కనిపిస్తే ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి, సంప్, దింపాల్సిందే. అదే రోజు చల్లారాక హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి మరోసారి బిగించి, ట్యాపెట్లు చూసుకునేవారు. హెడ్డు దిగినంత ట్యాపెట్ల సందు కూడా తగ్గి ఉండేది.